తెల్లవాఱకముందు సాము

కుఱ్ఱవాండ్రు తీఱిక దొరకినను కసరత్తు చేయరని మనము వగచుచుందుము. వారిని పురికొల్పునదేదో చరిత్రలోఁ జూతము.

1520 ప్రాంతమున విజయనగరముఁ జూచిన పోర్చుగీసు యాత్రికుఁడు డొమింగో పేస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్యను వ్రాసియుంచెను. రాయలు తెల్లవాఱకముందే నువ్వులనూనె త్రావి, మేన నూనె పట్టించుకొని, మట్టితోఁ జేసిన పెద్ద బరువుల నెత్తును. ఆ నూనె చెమటతో దిగువఱకు కత్తిసాము సలుపును. పిదప మల్లునితోఁ గుస్తీపట్టి, గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు మైదానమునఁ బరుగెత్తించునఁట. మన తిరుమలకు ఏడు మాఱులు వచ్చి, నేఁటికిని గుడిలో రాణులిద్దఱితోఁ గూడి విగ్రహరూపమున నిలిచియున్న రాయలితఁడే. ప్రభువే చెమటోడ్చుచుండఁగా కొలువులోని పడుచువాండ్రకు వేఱొక యాజ్ఞ యేల?

కోడి రామమూర్తినాయుఁడును (1882–1942) ఉత్తరాంధ్రపు విజయనగరమున తొలుత వ్యాయామోపాధ్యాయుఁడే. ఆయన పేరు ఊరూరఁ బ్రాఁకినది డ్రిల్లు వలనఁ గాదు, ఱొమ్ముపై నెక్కించుకొన్న యేనుఁగు వలన.

డ్రిల్లు గంట కొట్టఁగానే కడుపునొప్పి యను నా శిష్యులే సాయంకాలము స్వర్ణముఖి యిసుకలోఁ జెడుగుడు ఆడుచు, చీఁకటిపడినను ఇల్లు చేరెడివారు కారు. అచట తోడివారి పందెము గలదు, చూచి మెచ్చువారు గలరు. బెత్తము పట్టి నేను చాల యేండ్లు వ్యర్థపఱచితిని. ఒకనాఁడు పంచె బిగించి కూఁతకు దిగితిని. మఱునాఁడు కడుపునొప్పులు సగము తగ్గినవి.