మానేసిందా, మానిపించారా

మొన్న సాయంత్రం ఒకావిడ మా అరుగు మీద కూర్చుని కొంగుతో మొహం తుడుచుకుంది. జంగారెడ్డిగూడెంలో ఒక బట్టల కొట్టులో తొమ్మిదేళ్లుగా చీరలు మడత విప్పి చూపించే పని ఆమెది. "మానిపించేశారండి మాస్టారూ" అంది. గల్లాపెట్టెలో తేడా రాలేదు, బేరం చెడగొట్టిందీ లేదు. ఆమె తమ్ముడు యజమాని బంధువుల అమ్మాయిని పెద్దలకు ఇష్టం లేకుండా పెళ్లి చేసుకున్నాడు. అంతే. కొట్టువాళ్లను అడిగితే, "మేమేమీ అనలేదండి, తనే మానేసింది" అన్నారు.

రెండు మాటలకూ మూలం 'మాను' అన్న క్రియే. గాయం మానుతుంది, మందు దాన్ని మాన్పుతుంది. ఒకడు తాగుడు మానేస్తాడు, ఇంకొకడి చేత ఇల్లాలు మానిపిస్తుంది. చివర 'ఇంచు' చేరిందంటే పని వెనక మరో మనిషి ఉన్నట్టు. బళ్లో దీన్ని ప్రేరణార్థకమని చెప్పి, చేయు–చేయించు, తిను–తినిపించు అని వల్లె వేయిస్తాం. ఆ ఒక్క ప్రత్యయం మీద ఒక ఇంటి బియ్యం ఖర్చు ఆధారపడుతుందని నేనెప్పుడూ పిల్లలకు చెప్పలేదు. చెప్పాల్సింది.

ఎందుకంటే చట్టం అడిగేదీ అదే. 1988 నాటి ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 47వ సెక్షన్ ప్రకారం ఆరు నెలలు వరసగా పనిచేసిన మనిషిని సరైన కారణం లేకుండా తీసేయకూడదు. నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, లేదా నెల జీతం ఇవ్వాలి. తొమ్మిదేళ్ల సర్వీసుకు ఏడాదికి 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారమూ ఉంది. తీసేసినందుకు అప్పీలు చేసుకునే దారి ఆ తర్వాతి సెక్షన్‌లో ఉంది. తమ్ముడి పెళ్లి సరైన కారణమని ఏ అధికారి ముందు నిలబడి చెప్పగలరు? అందుకే 'మానేసింది' అంటారు. ఆ మాట నిలిస్తే ఇక కారణం చెప్పే పని ఉండదు.

ఈ తగువు సుప్రీంకోర్టు దాకా వెళ్లిందే. డి.కె. యాదవ్ అనే కార్మికుడు ఎనిమిది రోజులకు మించి రాలేదు కాబట్టి ఉద్యోగం దానంతటదే పోయిందని కంపెనీ అంది. రోజూ వచ్చాను, గేటు దగ్గరే ఆపేశారని అతనన్నాడు. విచారణ లేకుండా బతుకుతెరువు తీసేయడం చెల్లదని 1993లో తీర్పొచ్చింది. పని లేకుండా ఉన్న కాలానికి సగం జీతం ఇచ్చి అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోమన్నారు. ఆ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి మన తెలుగువారు.

లేబర్ ఆఫీసులో ఇవ్వడానికి ఆవిడ ఒక అర్జీ రాసుకొచ్చింది. రూళ్ల కాగితం, గుండ్రటి అక్షరాలు. మూడో వరసలో, "ఆ రోజు నుంచి నేను పనికి వెళ్లడం మానేశాను" అని ఉంది. ఆమె దగ్గర జీతం పడిన ఫోన్‌పే వివరాలున్నాయి, "రేపట్నుంచి రావద్దు" అన్న వాట్సాప్ మెసేజీ ఉంది. అన్నీ ఉన్నా, ఆమె చేతి రాతే అవతలివాళ్ల మాట చెబుతోంది.

ఆ వరస కొట్టేయించాను. "నన్ను మానిపించారు" అని రాసింది. కింద తేదీ వేసింది, రావద్దన్న మనిషి పేరు రాసింది, ఇప్పటికీ పనికి రావడానికి సిద్ధంగా ఉన్నానని ఇంకో వరస తనే చేర్చింది.