72 మేళకర్తలకు కృతులు కూర్చిన బాలమురళి

కర్ణాటక సంగీతంలో జనక రాగాలు 72. వాటన్నింటిలోనూ కృతులు రచించిన వాగ్గేయకారులను వేళ్లపై లెక్కించవచ్చు. ఆ కొద్దిమందిలో డాక్టర్ మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఒకరు. గాయకునిగా ఆయన పేరు తెలియని తెలుగువారు అరుదు. అయితే నూనూగు మీసాల వయసులో ఆయన చేపట్టిన ఈ రచన గురించి తెలిసినవారు తక్కువే.

సంగీతమే వారసత్వం

బాలమురళి 1930 జులై 6న నాటి తూర్పు గోదావరి జిల్లా శంకరగుప్తంలో జన్మించారు. ఈ గ్రామం 2022లో ఏర్పడిన డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో ఉంది. తండ్రి పట్టాభిరామయ్య వేణుగాన విద్వాంసులు. తల్లి సూర్యకాంతమ్మ వైణికురాలు. పసికందుగా ఉండగానే తల్లి కన్నుమూయడంతో తండ్రే అన్నీ తానై, బంధువుల సాయంతో పెంచారు. కుమారునిలోని స్వరజ్ఞానాన్ని గుర్తించి, విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిష్యునిగా చేర్చారు.

పంతులు గారిది త్యాగరాజస్వామి శిష్య పరంపర. త్యాగయ్య శిష్యుడు మానంబుచావడి వేంకటసుబ్బయ్య, ఆయన శిష్యుడు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి శిష్యుడు పంతులు గారు. ఎనిమిదేళ్ల ప్రాయంలో బాలుడు విజయవాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో కచేరీ చేసి పెద్దలను విస్మయపరిచాడు. ఆ ప్రతిభకు ముగ్ధులైన ప్రసిద్ధ హరికథకులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ మురళీకృష్ణ అన్న పేరుకు ముందు 'బాల' చేర్చారు. ఆ పేరే జీవితాంతం నిలిచింది.

జనకరాగ కృతి మంజరి

పదిహేనేళ్ల ప్రాయం నాటికి బాలమురళి 72 మేళకర్తలపై పట్టు సాధించి, ప్రతి రాగంలోనూ కృతి రచనకు పూనుకున్నారు. ఇది తేలికైన పని కాదు. 72 మేళాలలో 40 వివాది మేళాలు. ఉదాహరణకు, మొదటి మేళమైన కనకాంగిలో శుద్ధ రిషభం వెంటనే శుద్ధ గాంధారం వస్తుంది. అంత దగ్గరి స్వరాలను అపస్వరంగా వినిపించకుండా పాడటం కష్టం. చివరిదైన రసికప్రియ సైతం వివాది మేళమే. అందువల్లనే పలువురు విద్వాంసులు ఈ రాగాలకు దూరంగా ఉండేవారు. స్వరాల వరుస తెలిసినంత మాత్రాన రాగం సిద్ధించదు. దానికి రూపమిచ్చే కృతి ఉన్నప్పుడే గాయకునికి దారి దొరుకుతుంది. యువ వాగ్గేయకారుడు చేసింది ఆ పనే.

ఈ కృతులు 'జనకరాగ కృతి మంజరి' పేరిట 1952లో గ్రంథరూపం దాల్చాయి. గురువు రామకృష్ణయ్య పంతులు అంతకు ముందటి ఏడాదే, 1951లో పరమపదించారు. తదనంతర కాలంలో ఇవే కృతులు 'రాగాంగ రావళి' పేరిట తొమ్మిది సంపుటాలుగా ధ్వనిముద్రణ పొందాయి.

కొత్త రాగాలపై చర్చ

తర్వాతి కాలంలో మహతి, లవంగి, సుముఖం వంటి కొత్త రాగాలను ఆయన వెలుగులోకి తెచ్చారు. మహతి, లవంగి రాగాలలో స్వరాలు నాలుగే. కనీసం అయిదు స్వరాలు లేనిదే రాగం కాదన్న సంప్రదాయవాదులు అభ్యంతరం చెప్పగా, సంగీత లోకంలో పెద్ద చర్చే నడిచింది. బాలమురళి మాత్రం ఆ రాగాలలో కృతులు రచించి, కచేరీలలో పాడి, శ్రోతల ముందుంచారు.

పదవులు, పురస్కారాలు

విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన రోజులలో 'భక్తిరంజని' ద్వారా ఆయన గళం తెలుగు ఇంటింటా తెల్లవారుజామున వినిపించేది. విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాల్‌గానూ వ్యవహరించారు. వయొలిన్, వయోలా, మృదంగం, కంజీర వాద్యాలలోనూ ప్రవీణులు. 1967లో విడుదలైన 'భక్త ప్రహ్లాద' చిత్రంలో నారదునిగా నటించారు. 1978లో సంగీత కళానిధి బిరుదు, 1991లో పద్మవిభూషణ్, 2005లో ఫ్రాన్స్ ప్రభుత్వ షెవాలియర్ పురస్కారం ఆయనను వరించాయి. 2016 నవంబరు 22న చెన్నైలో తుదిశ్వాస విడిచారు.

పురస్కారాలు గాయకుని కీర్తికి గుర్తులు. వాగ్గేయకారుడు నిలిచేది మాత్రం తరువాతి తరాలు పాడినప్పుడే. ఆయన కృతులలో కచేరీలకెక్కినవి కొన్నే. సంగీత విద్యార్థులు మాయామాళవగౌళతో మొదలుపెట్టిన సాధనను వివాది మేళాల దాకా కొనసాగించదలిస్తే, కోనసీమ బిడ్డ కౌమారంలోనే వేసిన బాట వారికి సిద్ధంగా ఉంది.