ఇంటి భాష ఒకటి, పాట భాష మరొకటి



మా బడి కర్ణాటకలో, బాగేపల్లి వైపు ఉంది. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. ఒకసారి వాళ్ళను లేపాక్షికి విహారయాత్రకు తీసుకెళ్ళాం. బస్సులో తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఒక ఇంగ్లీషు పాట ఎత్తుకున్నాడు. ఎక్కడా తడబడకుండా చివరిదాకా పాడాడు. "దాని అర్థమేమిట్రా?" అని అడిగాను. "తెలీదు సార్, వినేదానికి బాగుంది" అన్నాడు. పిల్లలందరూ నవ్వారు.

నేను మాత్రం వాణ్ణి ఏమీ అనలేకపోయాను. నేను బి.ఎడ్. చదివే రోజుల్లో హాస్టల్లో టేపురికార్డరు పెట్టుకుని మేమూ ఇలాగే ఒక పాట పాడేవాళ్ళం. 'ఐ వాంట్ ఇట్ దట్ వే' అని, 1999లో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ అనే అమెరికా బృందం పాడిన పాట. ప్రతి మాటా తెలిసినదే గాని మొత్తం మీద భావం తేలేది కాదు. అది నా ఇంగ్లీషులో లోపమని చాలా ఏళ్ళు అనుకున్నాను. ఆ పాట ఎలా తయారయిందో చదివాక లోపం నాది కాదని తెలిసింది. ఈ రోజు ఆ కథే మీకు మనవి చేస్తాను.

ముందు కాస్త వెనక్కి వెళదాం. పంతొమ్మిదో శతాబ్దం చివర న్యూయార్కులో పాటల వ్యాపారం ఒక వీధిలో కుదురుకుంది. దానికి 'టిన్ పాన్ ఆలీ' అని పేరు పడింది. అప్పటికి రికార్డులు ఇంకా జనంలోకి రాలేదు. పాట స్వరాలతో అచ్చయిన కాగితంగా అమ్ముడుపోయేది. కొనుక్కున్నవాళ్ళు ఇంట్లో పియానో ముందు కూర్చుని పాడుకునేవారు. మాటలు రాసేవారు ఒకరు, బాణీ కట్టేవారు ఒకరు, వేదిక మీద పాడేవారు మరొకరు.

తర్వాత రికార్డులు వచ్చాయి. డెట్రాయిట్ నగరంలో బెర్రీ గోర్డీ అనే ఆయన ఫోర్డు వారి కార్ల ఫ్యాక్టరీలో కొంతకాలం పనిచేశాడు. చట్రంగా బయలుదేరినది చేతులు మారుతూ చివరికి కారుగా బయటికి రావడం అక్కడ చూశాడు. పాటను కూడా అలా తయారు చేయవచ్చునని 1959లో కంపెనీ పెట్టాడు. అదే మోటౌన్. రాసేవారు, వాయించేవారు, పాడేవారు అందరూ ఒక చూరు కింద ఉండేవారు. ఏ పాట విడుదల చేయాలో తేల్చడానికి వారం వారం సమావేశం జరిగేది. దానికి నాణ్యత పరీక్ష అనే పేరు కూడా ఫ్యాక్టరీ నుంచి తెచ్చుకున్నదే.

ఇక మన కథ స్వీడన్‌కు మారుతుంది. స్వీడన్ జనాభా కోటి. అంటే మన బెంగళూరు నగరం కంటే తక్కువ. వాళ్ళ ఇంటి భాష స్వీడిష్. ఆ దేశపు రాజధాని స్టాక్‌హోంలో డెన్నిజ్ పాప్ అనే పేరుతో ఒకాయన ఉండేవాడు. క్లబ్బుల్లో రికార్డులు మార్చి మార్చి వేసి జనాన్ని ఆడించడం ఆయన పని. ఆయనకు స్వరాలు చదవడం రాదు, వాద్యం వాయించడమూ రాదు. ఏ చోట జనం కాలు కదుపుతారో, ఏ చోట మానేస్తారో మాత్రం బాగా తెలుసు.

'ఏస్ ఆఫ్ బేస్' అనే కొత్త బృందం ఆయనకు ఒక క్యాసెట్ పంపింది. మొదట వింటే నచ్చలేదు. కాని అది ఆయన కారు టేపులో ఇరుక్కుని బయటికి రాలేదు. ఎన్నిసార్లు కారెక్కితే అన్నిసార్లూ అదే పాట. వినగా వినగా అందులో ఏముందో, ఏం తీసేయాలో ఆయనకు తెలిసింది. 1992లో అది 'ఆల్ దట్ షి వాంట్స్' పాటగా వచ్చి అనేక దేశాల్లో మొదటి స్థానంలో నిలిచింది. అదే సంవత్సరం ఆయన భాగస్వామితో కలిసి 'షీరాన్' అనే స్టూడియో పెట్టాడు.

అక్కడికి పనికి వచ్చినవాడే మాక్స్ మార్టిన్. 1971లో పుట్టాడు. మాక్స్ మార్టిన్ అన్న పేరు డెన్నిజ్ పెట్టినదే. 1998లో డెన్నిజ్ 35 ఏళ్ళకే క్యాన్సర్‌తో పోయాక ఆ స్టూడియో భారం ఇతని మీద పడింది. అమెరికా పాటల పట్టికలో ఇతని చేయి పడిన పాటలు పాతికకు పైగా మొదటి స్థానానికి చేరాయి. మా హాస్టల్ పాటా ఇతనిదే. లేపాక్షి బస్సులో మా కుర్రాడు పాడిన 'బ్లైండింగ్ లైట్స్' పాట రాసిన బృందంలోనూ ఇతనున్నాడు.

వీళ్ళ పద్ధతి ఏమిటంటే, బాణీ ముందు, మాట తర్వాత. మొదట అర్థం లేని శబ్దాలతో రాగం పాడుకుంటారు. అది చెవికి కుదిరాక, ఆ శబ్దాలకు దగ్గరగా ఉండే ఇంగ్లీషు మాటలు వెతుకుతారు. ఒక పాదంలో ఎన్ని అక్షరాలు పలికితే దాని జోడు పాదంలో అన్నే పలకాలి. ఒకటి తక్కువైనా చెవి పట్టేస్తుంది. దీనికి వాళ్ళు 'మెలోడిక్ మ్యాథ్' అని పేరు పెట్టుకున్నారు. అంటే బాణీ లెక్క.

ఈ లెక్క మనకేమీ కొత్త కాదు. ఉత్పలమాలకు పాదానికి ఇరవై అక్షరాలు, పదో అక్షరం యతిస్థానం అని చిన్నప్పుడు వల్లె వేసినవాళ్ళమే. సినిమా పాటకు కూడా మన దగ్గర చాలాకాలంగా బాణీ ముందు, మాట తర్వాతే. డబ్బింగు పాటలో చిక్కు మరీ ఎక్కువ. 1992లో తమిళంలో వచ్చిన 'రోజా' చిత్రం తెలుగులోకి మారినప్పుడు పాటలు రాజశ్రీగారు రాశారు. రెహమాన్ బాణీ కదలదు, తెరమీద పెదవుల కదలికా మారదు. ఆ రెండింటి మధ్య తెలుగు మాట ఇమడాలి, దానికి అర్థమూ ఉండాలి.

స్టాక్‌హోం వారు ఆ చివరి మాట దగ్గర కొంచెం చూసీ చూడనట్టు పోయారు. 'ఐ వాంట్ ఇట్ దట్ వే' రికార్డు చేసేటప్పుడు, దీనికి భావం పొసగడం లేదని అమెరికా కంపెనీ వారికి అనుమానం వచ్చింది. మాటలు మార్చి అర్థం సరిపోయేట్టు ఇంకోసారి పాడించారు. రెండూ విన్న తర్వాత, అర్థం లేకపోయినా మొదటిదే బాగుందని గాయకులు పట్టుబట్టారు. అదే విడుదలయింది, అదే ప్రపంచమంతా పాడింది. ఇంగ్లీషు ఇంటి భాష అయినవాళ్ళు రాసి ఉంటే ఆ మాటలు దిద్దేవారేమో! కాని వీళ్ళు ఇంగ్లీషును మా కుర్రాడిలాగే ముందు చెవితో నేర్చుకున్నారు.

అప్పటికే యంత్రాలు కూడా మారుతున్నాయి. ఒకప్పుడు వాద్యబృందమంతా ఒకే గదిలో కూర్చుని వాయిస్తుంటే గాయకుడు ఒక్క ఊపున పాడేవాడు. ఎవరు తప్పినా మళ్ళీ మొదటి నుంచి మొదలు. తర్వాత ట్రాకులు వచ్చి, ఎవరి భాగం వారు విడివిడిగా వాయించే వీలు కలిగింది. ఇప్పుడు గాయని ఒక పాదాన్ని పదిసార్లు పాడితే, అందులోంచి బాగున్న ముక్కలు ఏరి అతుకుతారు. శ్రుతి తప్పిన చోటును సరిచేయడానికి 1997లో ఆటోట్యూన్ వచ్చింది. దాన్ని తయారు చేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలో చమురు జాడ కనిపెట్టడానికి ధ్వని తరంగాలను లెక్కగట్టినవాడు. మరుసటి ఏడే షేర్ అనే గాయని 'బిలీవ్' పాటలో ఆ యంత్రపు గొంతును దాచకుండా, కావాలనే వినిపించారు.

పని కూడా చేతులు పంచుకుంది. ఒకరు తాళం, వాద్యాల ట్రాకు సిద్ధం చేస్తారు. దాని మీద బాణీలు అల్లడానికి వేరేవారు వస్తారు. మాటలకు ఇంకొకరు. అందుకే నేటి పాట కింద ఐదారు పేర్లుంటే ఆశ్చర్యపడనక్కరలేదు. గోర్డీ ఫ్యాక్టరీ కంప్యూటరులోకి మారిందన్నమాట.

ఇంతకీ అంత చిన్న దేశం ఇంత పెద్ద పాట ఎలా కట్టింది? మాక్స్ మార్టిన్ స్వయంగా చెప్పుకున్న కారణం ఒకటుంది. స్వీడన్‌లో ఊరి పాలకసంఘాలు నడిపే సంగీత పాఠశాలలు ఉన్నాయి. పిల్లలకు వాద్యం ఇస్తారు, నేర్పిస్తారు. అతను అక్కడే కొమ్ము వాద్యం నేర్చుకున్నాడు. తన బతుకంతా ఆ ప్రభుత్వ సంగీత చదువు పెట్టిన భిక్షేనని అతను కృతజ్ఞత చెప్పుకున్నాడు.

ఇది చదివిన రోజు మా బడి బీరువా గుర్తుకొచ్చింది. అందులో ఒక హార్మోనియం ఉంది. సంగీతం టీచరు లేక ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంది. తాళంచెవి తీసుకుని, శనివారం చివరి పీరియడులో దాన్ని బయట పెట్టాను. నాకు వచ్చినది సరిగమల దాకానే. ఆ తొమ్మిదో తరగతి కుర్రాణ్ణి పిలిచి, "నీకు నచ్చిన బాణీకి తెలుగు మాటలు వేసుకురా" అన్నాను.

వారం తర్వాత దిగాలుగా వచ్చాడు. "ఎదురుచూస్తున్నాను" అన్న మాట దగ్గర ఆగిపోయాడట. మాటలో ఏడు అక్షరాలు, బాణీలో నాలుగింటికే చోటు. "మీ అవ్వ అయితే ఏమంటుందిరా?" అని అడిగాను. వాడు కాసేపు ఆలోచించి, "కాచుకున్నా" అన్నాడు. లెక్కపెట్టి చూశాం. సరిగ్గా నాలుగు.

మన సరిహద్దు మాట అది. పాఠ్యపుస్తకంలో దొరకదు. వచ్చే ఇన్స్పెక్టరు వింటే దిద్దినా దిద్దుతారు. "మా పిల్లలకు తెలుగూ సరిగా రాదు, కన్నడమూ సరిగా రాదు" అని మీలో కొందరు తల్లిదండ్రులు మా దగ్గర బాధపడుతుంటారు. వాళ్ళకు నేను చెప్పేది ఇదే. రెండు భాషల మధ్య పెరిగిన చెవి చిన్న ఆస్తి కాదు. స్టాక్‌హోం కుర్రాళ్ళకు ఆ చెవి ఉంది, దానికి తోడు ఊరి డబ్బుతో నడిచే సంగీతపు బడి కూడా ఉంది. మన పిల్లలకు మొదటిది ఉండనే ఉంది. రెండోది ఇవ్వవలసింది మనం. మీ ఊరి బడిలోనూ ఇలాంటి బీరువా ఉందేమో, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఒక్కసారి అడిగి చూడండి.