పోలికయు వరుసయు

ఒకదానితో నొకటి సరిపోలుటను దెలుపు మాటలకు తెనుగున కొదువ లేదు. పోలిక, సాటి, ఈడు, జోడు, ఉద్ది యని లోకులు పలుకుదురు; సామ్యము, సాదృశ్యము, సారూప్యము అని పండితులు వ్రాయుదురు. ఇవన్నియు నొక్కటియే యని తోచవచ్చును గాని, వాడుక యట్లు లేదు. బిడ్డకు తల్లి పోలిక వచ్చిన దందురు; తల్లి సాటి వచ్చిన దనరు. పెండ్లికి ఈడును జోడును చూతురు. ఆటకు ఉద్దిని వెదకుదురు. వీని కన్నిటికిని వేరైన మాట మరియొకటి కలదు, అది వరుస. వరుస యనగా క్రమము. వరుస యనగా బంధుత్వమును. ఇరువురి ముఖము లెంత పోలియున్నను, వరుస యేమో తెలియనిదే వారిని చుట్టములని మన మనము. ఈ వివేకము భాషల చరిత్రలో నెంత పని చేసినదో చూపుటయే మా యుద్దేశము.

మన వ్యాకర్తలు పదములను తత్సమములు, తద్భవములు, దేశ్యములు అని విభజించిరి. తత్సమమనగా దానితో సమమైనది. పేరే పోలికను దెలుపుచున్నది. ఇట్టి పదములు తెనుగున నిండియుండుట చూచి, విలియం కేరీ మొదలగువారు దక్షిణభాషలు సంస్కృతమునుండి పుట్టినవని తలంచిరి. 1816లో ఎ. డి. క్యాంబెల్ ప్రకటించిన తెనుగు వ్యాకరణమునకు చెన్నపట్టణపు కలెక్టరు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ వ్రాసిన యుపోద్ఘాతము ఈ మతమును ఖండించినది. ఎల్లిస్‌కు మన పండితుల కృషియే యాధారము: మామిడి వెంకయ్యగారి ఆంధ్రదీపికయు, పట్టాభిరామశాస్త్రిగారి ధాతుపట్టికయు నతనికి తోడ్పడినవి. ఎరవు సొమ్మును వేరు చేసి యింటి సొమ్మును లెక్కించినట్లు, అతడు తెనుగు, తమిళము, కన్నడముల సొంత ధాతువులను పక్కపక్కన నిలిపి వాని బంధుత్వమును చూపెను. కాల్డ్వెల్ ద్రావిడభాషల తులనాత్మక వ్యాకరణము 1856లో గాని వెలువడలేదు.

ఈ వరుసను చూచుటకు దూరము పోనక్కరలేదు. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండిన తడ, పులికాటు సరస్సు చెంత నాంధ్రదేశపు దక్షిణపు టంచు. పొలిమేర దాటిన తమిళనాడు. ఇచ్చటి పిల్లల చెవిని రెండు భాషలును పడుచుండును. ఆవల 'ఉరల్', ఈవల 'రోలు'. ఈ రెంటికిని పోలిక యంతగా లేదు. కాని అవర్–వారు, ఇవర్–వీరు, ఇరండు–రెండు అను జంటలను గూడ చేర్చి చూడుడు. అన్నిటను తమిళమున మొదటనున్న యచ్చు తెనుగున తావు విడువగా, వెనుకనున్న హల్లు ముందునకు వచ్చినది. కన్నడమునందును ఇట్టి క్రమమే మరియొకటి కలదు: మన పాలు వారికి హాలు, పులి హులి, పోలు హోలు. పోలికను దెలుపు ధాతువునకే వరుస యున్నది!

ఇక నేటి గ్రీకులు నీటిని 'నెరో' యందురు. మన 'నీరు'నకు పోలిక యెంతయో కలదు. కాని యా మాట వారి భాషలో 'క్రొత్తది' యను నర్థముగల విశేషణమునుండి వచ్చినది. పోలిక కలదు, వరుస లేదు.

తెనుగు తమిళమునుండియే పుట్టినదని పొలిమేరలలో నొక వాదము వినవచ్చుచుండును. ఇదియు పోలికను చూచి పలికినదే. చెవిని తమిళులును మనమును చెవి యనియే యందుము; కన్నడిగులు కివి యందురు. ఇచ్చట ప్రాచీనమైన కకారమును నిలుపుకొన్నది కన్నడమే. ఒక్కొక్క సోదరి పుట్టినింటి సొమ్మున నొక్కొక్కటి దాచుకొన్నది. ఏ యొక్కతెయు తక్కినవారికి తల్లి కాదు.

అంతటితో తీరలేదు. శబ్దముల వరుసలను పరిశోధించిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, తెనుగును గోండి, కొండ, కుయి, కువి భాషల శాఖలో చేర్చిరి. అనగా మన నుడికి మిక్కిలి దగ్గరి చుట్టములు అడవులలోను కొండలలోను ఉన్నారు. సంస్కృతపు పోలికను చూచుకొని గర్వించుచు, రక్తబంధువుల నుడిని మోటుపలుకని త్రోసివేయుచున్నాము. బడులలో మాటల వరుసలను బాలబాలికలచేత పలకపై వ్రాయించినచో, ఈ గర్వము చిన్ననాడే తొలగును. చుట్టమును గుర్తించుటకు కన్ను చాలదు, వరుస నడుగవలయును, తెలిసిన పిమ్మట నా వరుసతోనే పిలువవలయును.