గుర్రానికి గుడ్డ ఇల్లు: మొగలు దండులో లాయపు డేరాలు

లాయం అనగానే రాతిగోడలూ మట్టిమిద్దెలూ తలపుకు రావడం సహజమే గాని, ఈ దేశంలో మేలుజాతి గుర్రాలు కొన్ని గుడ్డతో కట్టిన ఇళ్లలో నిలిచిన కాలం కూడా ఉంది. అశ్వాధ్యక్షుడి విధులను చెప్పే సందర్భంలో కౌటిల్యుని అర్థశాస్త్రం, శాల వెడల్పు గుర్రం పొడవుకు రెట్టింపు ఉండాలనీ, నాలుగు వాకిళ్లూ నడుమ గుర్రం పొర్లాడే జాగా విడవాలనీ, ఒక్కొక్క గుర్రం నిలిచే చోట నున్నని పలకలు పరచి మలమూత్రాలు పోయే దారి తీయాలనీ విధించింది. ఇవన్నీ కదలని నగరానికి చెల్లే నియమాలు. రాజధానే నెలల తరబడి దారిలో ఉండే రాజ్యంలో గుర్రాన్ని ఎక్కడ కట్టాలన్న చిక్కు తీర్చినవారు మేస్త్రీలు కారు, నేతగాళ్లూ డేరాలు వేసే ఫరాసులూను.

మొగలు పాదుషా ఔరంగజేబు 1664 డిసెంబరులో ఢిల్లీ నుంచి లాహోరు మీదుగా కాశ్మీరుకు సాగించిన ప్రయాణాన్ని, ఆ దండుతో నడిచిన ఫ్రెంచి వైద్యుడు ఫ్రాన్స్వా బెర్నియే తన లేఖల్లో వర్ణించాడు. పాదుషాకు రెండు జతల డేరాలుండేవి. ఆయన ఒక మజిలీలో విడిసి ఉండగానే రెండో జత ఒకరోజు ముందు వెళ్లి తర్వాతి మజిలీలో సిద్ధమయ్యేది. ఇలా ముందు నడిచే విడిదికే పేష్‌ఖానా అని పేరు. దాన్ని మోయడానికి అరవైకి పైగా ఏనుగులు, 200 ఒంటెలు, 100 కంచరగాడిదలు, 100 మంది కూలీలు కావలసివచ్చేవారు. విడిది చుట్టూ కనాతులు, అంటే నిలువెత్తుకు మించిన గుడ్డగోడలు, లేచేవి. పదేసి అంగల దూరంలో లోపల ఒకటి, వెలుపల ఒకటి గుంజలను జంటగా పాతి, ఒకదానికొకటి ఆనేలా వాల్చి, తాళ్లను మేకులకు బిగించడంతో ఆ గోడ నిలిచేది. గుడ్డ ఇంటి బలమంతా మేకులోనూ తాడు బిగువులోనూ ఉందని ఆ ఫరాసులకు బాగా తెలుసు.

రాజద్వారం ఎదుటి మైదానంలో ఇరువైపులా రెండు అందమైన డేరాలుండేవనీ, ఏరికోరిన గుర్రాలను జీనులు వేసి, ఘనంగా అలంకరించి అక్కడ కట్టి ఉంచేవారనీ బెర్నియే రాశాడు. హఠాత్తుగా ఆపద వస్తే ఎక్కడానికని చెప్పినా, ఎక్కువగా అవి దర్జా కోసమే నిలిచేవని కూడా ఆయనే గమనించాడు. ఈ గౌరవం కొన్నిటికే దక్కింది. సామాన్య రౌతుల గుర్రాలు ఆరుబయటే, తల దగ్గర అగాడి, వెనుక కాళ్లకు పిచ్చాడి అనే రెండు తాళ్లతో మేకులకు కట్టుబడి, వీపున కప్పిన కంబళే ఇల్లుగా రాత్రులు గడిపేవి. ఆ అమరికను జాలిపడి చూడనక్కరలేదు: మూసిన శాలలో మూత్రపు ఘాటు గుర్రం ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఆరుబయట గాలి దాన్ని కాపాడుతుంది.

ఈ గుడ్డ నగరంలో తెలుగువారి చేతిపని ఒకటుంది. పాదుషా డేరాలు బయటికి ఎర్రగా కనబడేవి. వాటి లోపలి వైపున, ఇందుకోసమే మచిలీపట్నంలో చేయించిన చేతి చిత్తరువుల అద్దకపు బట్టను వేసేవారు. ఆ బట్టను ముందు కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టి ఆరవేసేవారు. పాల జిడ్డు వల్ల కలం గీత చెదరకుండా నిలిచేది. ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నీటితో నల్లగీతలు గీసి, ఎరుపు కావలసిన చోట్ల పటికనీరు పూసి, చిరివేరు వేసిన కాగులో ఉడికించేవారు. పటిక తగిలిన చోటు మాత్రమే ఎర్రబడేది. ఉతికినకొద్దీ పోవడానికి బదులు తేటపడే ఆ ఎరుపే, రోజూ విప్పి, మడిచి, ఏనుగు మీద కట్టి, మళ్లీ ఎండలో పరిచే డేరాకు తగిన రంగు.

అప్పటికి మచిలీపట్నం గోలకొండ సుల్తానుల రేవు. బెర్నియే చూసిన ఆ విడిది లాంటిదే, అదే పాదుషాది, రెండు దశాబ్దాల తర్వాత గోలకొండ కోట ఎదుట వెలిసింది. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687 సెప్టెంబరులో కోట పడిపోయింది. ఆ మీదట కూడా ఔరంగజేబు ఢిల్లీకి తిరిగి వెళ్లలేదు; దక్కనులోనే విడిది నుంచి విడిదికి మారుతూ, 1707లో అహమ్మద్‌నగరు దగ్గర దండులోనే కన్నుమూశాడు.