రాళ్ల కింద బంగారం

మారిషస్ చెరకు తోటల నడుమ నల్లరాళ్ల గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. కొన్ని మనిషెత్తు, కొన్ని ఇంకా ఎత్తు. అగ్నిపర్వతం కక్కిన లావా గడ్డకట్టి పుట్టిన దీవి అది. గునపం దించిన చోటల్లా రాయే తగులుతుంది. చెరకు నాటాలంటే ముందు ఆ రాళ్లన్నీ ఏరి ఒక పక్కన పేర్చాలి. ‘అక్కడ రాయి తిరగేస్తే కింద బంగారం దొరుకుతుంది’ అని నమ్మబలికి కూలీలను ఓడ ఎక్కించారన్న కథ ఆ దీవిలో తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ కూలీల సంతతిలో పుట్టిన రచయిత్రి నతాషా అప్పానా 2003లో వెలువరించిన తొలి నవల పేరులోనూ ఈ బంగారం ఉంది. ఆ పేరులో వచ్చే ‘పూద్ర్ దోర్’ ఈశాన్య తీరాన ఉన్న ఒక పల్లె. ఫ్రెంచిలో ఆ మాటకు బంగారు పొడి అని అర్థం.

మారిషస్‌లో 1835 ఫిబ్రవరి 1న బానిసత్వం రద్దయింది. తోటల యజమానులు అంతకు ముందే చవక కూలీల కోసం మన దేశం వైపు చూశారు. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ ఓడలో కలకత్తా నుంచి తొలి బృందం దిగింది. బ్రిటిష్ ప్రభుత్వం ఈ పద్ధతికి ‘మహా ప్రయోగం’ అని పేరు పెట్టుకుంది. 1834 నుంచి 20వ శతాబ్దం మొదటి దశకం దాకా ఆ దీవిలో దిగినవాళ్లు సుమారు నాలుగున్నర లక్షల మంది. తిరిగి స్వదేశం చేరినవాళ్లు వారిలో మూడో వంతు మాత్రమే.

మనవాళ్లు ఎందుకు వెళ్లారో తెలియాలంటే ఆ రోజుల్లో ఇక్కడి పరిస్థితి చూడాలి. 1833లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. సుమారు 5 లక్షల జనాభాలో ఒకటిన్నర నుంచి 2 లక్షల మంది పోయారని అంచనా. 1839 నవంబరులో తుపాను గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవును ముంచెత్తింది. కూలీల వలసలో జరుగుతున్న అన్యాయాలపై గొడవ రేగి కొన్నాళ్లు ఆపిన ఎగుమతిని ప్రభుత్వం మళ్లీ తెరిచాక, 1843లో ‘కోరంగి ప్యాకెట్’ అనే ఓడ తెలుగు కూలీలతో మారిషస్ చేరింది. ఆ రేవు పేరే వాళ్లకు జాతి పేరై కూర్చుంది. గంజాం వాడైనా, విశాఖ వాడైనా, రాజమండ్రి వాడైనా అక్కడ అందరూ ‘కొరంగీ’లే. బర్మాలోనూ మనవాళ్లకు ఇదే పేరు పడింది.

మొదటి రోజుల్లో ఒప్పందం ఐదేళ్లు, జీతం నెలకు 5 రూపాయలు. బియ్యం, పప్పు, ఉప్పు, నూనె తోట యజమానే ఇవ్వాలి. ఆకలితో ఇల్లు వదిలినవాడికి ఇది మంచి బేరంలాగే కనిపించి ఉంటుంది. అసలు సంగతి తోటలోకి వెళ్లాక తెలిసేది. ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారు. జ్వరంతో పడుకున్నా, సర్దార్ (తోట మేస్త్రీ) ‘రాలేదు’ అని రాస్తే రానట్టే. నెలంతా ఒళ్లు విరుచుకుని చివరికి చేతికి ఏమీ దక్కనివాళ్లు ఉన్నారు. 1850ల మొదట్లో, ఒప్పందం ముగిశాక ఉచితంగా వెనక్కి పంపే ఏర్పాటును కూడా ఎత్తేశారు. ఐదు రూపాయల కూలీ ఓడ టికెట్టుకు డబ్బెక్కడి నుంచి తెస్తాడు? ఇంటికి దారి మూసేసిన నిర్ణయం ఇదే. మిగతా కష్టాలన్నిటికన్నా క్రూరమైనదీ ఇదే.

మారిషస్ దీవి పొడవు సుమారు 65 కిలోమీటర్లు. మనకు కాకినాడ నుంచి రాజమండ్రికి ఉన్నంత దూరం. దేశం చిన్నదైతే మనుషులు ఒకరికొకరు దగ్గరగా ఉంటారని, బతుకు సులువని అనుకుంటాం. కూలీకి మాత్రం ఆ చిన్నతనమే ఉచ్చు అయింది. పెద్ద దేశంలోనైతే ఒక దొర దగ్గర పడలేనివాడు రాత్రికి రాత్రే పక్క జిల్లాకు పోయి ఇంకో పేరుతో బతకవచ్చు. ఇక్కడ ఎటు నడిచినా ఒకటి రెండు రోజుల్లో సముద్రం ఎదురవుతుంది. దీవిలోని మంచి నేలంతా చెరకు, ఆ చెరకంతా కొద్దిమంది దొరల చేతిలో. 1867లో వచ్చిన చట్టం మిగిలిన సందులు కూడా మూసేసింది. ఒప్పందం ముగించుకున్న పాత కూలీ కూడా ఫొటో అతికించిన గుర్తింపు టికెట్టు ఎప్పుడూ వెంట ఉంచుకోవాలి. పక్క జిల్లాలో అడుగు పెట్టాలంటే పాస్ కావాలి. అది చూపలేకపోతే ‘దిమ్మరి’ అని పట్టుకుని జైల్లో పెట్టేవారు. ఒప్పందం ప్రకారం స్వేచ్ఛ వచ్చినవాడికి దారి మీద నడిచే స్వేచ్ఛ లేదు.

చివరికి 1871లో 9,401 మంది పాత కూలీలు సంతకాలు, వేలిముద్రలు, గుర్తులు వేసి గవర్నరుకు అర్జీ పెట్టుకున్నారు. దాన్ని రాసిపెట్టిన అడోల్ఫ్ ద ప్లెవిట్జ్ ఒక ఐరోపావాడు. తోటల యజమానులు అతనిపై కక్ష కట్టారు. అయినా అర్జీ లండన్ దాకా వెళ్లింది. రాయల్ కమిషన్ వచ్చింది. 1875లో దాని నివేదిక కూలీల ఫిర్యాదుల్లో చాలా భాగం నిజమేనని తేల్చింది.

అదే కాలంలో జ్వరం కూడా వచ్చింది. మలేరియా దోమ అంతకు ముందు ఆ దీవిలో లేదు. ఓడల్లో చేరింది. 1867లో రాజధాని పోర్ట్ లూయిస్ జనాభాలో దాదాపు ఐదో వంతు మరణించారు. డబ్బున్నవాళ్లు చల్లటి క్యూర్‌పీప్ మెట్టకు ఇళ్లు మార్చుకున్నారు. కూలీలు పల్లపు తోటల్లోనే ఉండిపోయారు. 1892 ఏప్రిల్ 29 తుపానులో మరో 1,200 మంది దాకా పోయారు. కోరంగి తుపాను కథలు వింటూ పెరిగినవాళ్ల పిల్లలకు అక్కడా తుపానే ఎదురైంది.

మేలు జరగలేదా అంటే జరిగింది. 1870ల తరవాత తోటలు ముక్కలుగా అమ్మకానికి వచ్చినప్పుడు కూడబెట్టిన డబ్బుతో నేల కొన్నవాళ్లున్నారు. ఇవాళ అక్కడ ఉగాది జాతీయ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. సింహాద్రి అప్పన్న పూజ, రాత్రంతా సాగే రామభజన నేటికీ నిలిచాయి. ఇళ్లలో మాట మాత్రం ఎక్కువగా క్రియోల్ అనే స్థానిక భాష. భజనలో తెలుగు పాడే పిల్లకు వంటింట్లో తెలుగు వినిపించడం అరుదు.

ఇంటిపేరు సంగతి ఇంకా బాధ పెడుతుంది. రేవులో గుమాస్తా తనకు వినిపించినట్టు ఒక పేరు రాసేవాడు. తండ్రికి పెట్టిన పేరే పిల్లలకు వంశం పేరయింది. అప్పడు ‘అప్పాడూ’ అయ్యాడు, గంగడు ‘గంగాడూ’ అయ్యాడు. తాతముత్తాతల ఇంటిపేరు, దానితోపాటే ఊరి గుర్తు, చాలామందికి పోయాయి.

వాళ్లు దిగిన రేవులోని 16 రాతిమెట్లు ఆప్రవాసి ఘాట్‌లో భద్రంగా ఉన్నాయి. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కూలీల రిజిస్టర్లు, టికెట్ల కోసం తీసిన ఫొటోలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. రిజిస్టరులో ముత్తాత నంబరు తెలిసిన మునిమనవలు అక్కడికి వెళ్లి వెతుక్కుంటారు. దొరికిన పుటలో వయసు, ఎత్తు, ఒంటి మీది మచ్చ, తండ్రి పేరు, జిల్లా పేరు ఉండవచ్చు. ఊరి పేరు ఉన్నా, తెలుగు తెలియని గుమాస్తా చేతిలో అది ఏ ఊరో గుర్తుపట్టలేనంతగా మారిపోయి ఉంటుంది.