లేఖకప్రమాదములు

అచ్చుయంత్రము రాకపూర్వము గ్రంథమునకు దీర్ఘాయువు నొసఁగినవాఁడు వ్రాయసకాఁడే. దానికి వికారరూపము దెచ్చినవాఁడును వాఁడే. తాటియాకు కాలక్రమమున శిథిలమగును గావున గ్రంథము నిలువవలెనన్న మరల మరల నెత్తివ్రాయుట యావశ్యకము. ప్రతివ్రాఁతయందును గొన్ని తప్పులు చేరును. అవి పండితగోష్ఠులకు వినోదహేతువులు. కాని యా వినోదమునం దొక శాస్త్రము దాఁగియున్నది.

తాళపత్రముపై గంటముతో గీచి పిమ్మట మసి పూసినఁగాని యక్షరములు స్పష్టముగాఁ గానరావు. పదములనడుమ నెడము విడుచు నాచారము లేదు; పద్యములును బాదవిభాగము లేక యేకధారగా నడచును. పకారవకారములకు భేదము తలకట్టు కలియుటలోను గలియకుండుటలోను మాత్రమే యున్నది. గంటము కొంచెము జాఱెనా, యొక ప్రతిలోఁ బాడుచున్న గంధర్వుఁడు వేఱొక ప్రతిలో వాడుచుండును. ఎకార ఒకారముల హ్రస్వదీర్ఘభేదము ప్రాచీనలేఖనములందుఁ దఱచుగాఁ గానరాదు. కావున మేడ యెక్కిన రాజు తొందరపాటు చదువరి నోట మెడ యెక్కును. వలపలగిలక తొమ్మిదియంకెను బోలియుండుటచే 'ధమ౯ము' అని యున్నచోట ధర్మమునందుఁ దొమ్మిది యెట్లు చొచ్చెనని క్రొత్తవాఁడు భ్రమపడును. 'మాకందము' అనఁగాఁ దియ్యమామిడి. 'మాకు అందము' అని విఱిచినను ఉకారసంధి యడ్డుచెప్పదు. వ్యాకరణము రెంటికిని సమ్మతించినచోటఁ బ్రకరణ మొక్కటియే తీర్పరి.

ఇట్టి తప్పులకు లేఖకులు ముందుగానే క్షమాపణము వ్రాసికొనిరి. మాతృక నెట్లు చూచితినో యట్లే వ్రాసితిని, తప్పొప్పుల భారము నాది గాదని చెప్పు సంస్కృతశ్లోక మొకటి గ్రంథాంతములందుఁ దఱచుగాఁ గనఁబడును. నడుమును మెడయు వంగి కష్టపడి వ్రాసితిని, దీనిని నూనెనుండియు నీటినుండియుఁ గాపాడుఁడు, మూర్ఖుని చేతి కీయకుఁడని మఱియొకటి ప్రార్థించును. ఆ క్షమాపణశ్లోకమే తప్పులతోఁ గూడియుండుట పెక్కు ప్రతులలోఁ గలదు!

1820లోఁ గడపకు వచ్చిన ఛార్లెసు ఫిలిప్పు బ్రౌను (1798-1884) తెలుఁగు గ్రంథములు సేకరింపఁబూని యీ యడవిలోనే చిక్కుకొనెను. అతఁడు జూలూరి అప్పయ్య మున్నగు పండితులకు జీతము లిచ్చి, యొక్కొక్క కావ్యమునకుఁ బెక్కు ప్రతులు తెప్పించి, పాఠభేదములు గుర్తింపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమనపద్యముల నచ్చువేయించెను.

ప్రతులు విభేదించినప్పుడు ఛందస్సే తొలిసాక్షి. 'మెడ' యందలి మొదటి యక్షరము లఘువు, 'మేడ' యందలిది గురువు. గణము చూచినంతనే రాజు మెడ దిగి మేడ చేరును. తప్పు ప్రాసస్థానమునఁ బడెనేని తక్కిన మూఁడు పాదములును దానిని బట్టియిచ్చును. పకారవకారములకు మైత్రి కలదు గావున గంధర్వుని విషయమున మాత్రము యతి మూఁగసాక్షి.

ఇందుఁ దేలిన విశేష మొకటి. అర్థ మెఱుఁగని లేఖకుఁడు చెడినపదమును జెడినట్లే వ్రాయును, పురుగు తిన్నచోట నెడము విడుచును. అపహాస్యము పాలైనను, నిజమైన పాఠమునకు జాడ మిగుల్చును. పండితుఁడైన లేఖకుఁడో, క్లిష్టపదమును దొలఁగించి సులభపదమును జేర్చును, శిథిలభాగమును దన కవిత్వముతోఁ బూరించును. గణములు సరిపోవును, యతిప్రాసములు కుదురును, ఎవ్వరును నవ్వరు. కాని కవివాక్కు మాత్ర మచట నశించును. నవ్వు పుట్టించు తప్పు దిద్దుకొనఁదగినది. నవ్వు పుట్టింపని తప్పే దిద్దుటకు దుర్లభమైనది. కావునఁ బరిష్కర్తలు వ్రాయసకానిని జూచి నవ్వుటకు ముందు, తమ చేతిలోని దిద్దుబాటునే మిక్కిలి శంకింపవలసియున్నది.